ఇంటి చుట్టూ జనరేటర్

కోటిపాలెం కరెంటు ఆఫీసు మెట్లెక్కేనాటికి తాడి భీమశంకరం గారి కొత్త ఇంటికి అన్నీ అమిరాయి, ఒక్క కరెంటు తప్ప.

కరెంటు బొత్తిగా లేదని కాదు. దీపాలు వెలిగేపాటి, ఫ్యాన్లు తిరిగేపాటి ఉంది. ఆయనకు కావలసింది డాబా మీద తిష్ఠ వేసిన పెద్ద పెట్టెను నడిపే కరెంటు. గదికొక ఏసీ పెట్టించుకున్నవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. భీమశంకరం గారు మాత్రం ఇల్లంతటికీ కలిపి ఒకటే ఏసీ పెట్టించారు. సీలింగులోంచి గొట్టాలు వేసి, హాల్లోనూ పడగ్గదిలోనూ వంటింట్లోనూ పూజగదిలోనూ ఒకే చల్లదనం కురిసేలా హైదరాబాదు మనుషుల చేత కట్టించారు. చల్లదనం బయటికి పోకూడదని కిటికీలకు తెరుచుకోని అద్దాలు బిగించారు.

ఇదంతా గొప్ప కోసం చేయలేదాయన. ఆయనది మొక్కల నర్సరీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య వెంకటరత్నం ప్లాస్టిక్ పట్టాల కింద, ఉడికే గాలిలో, గులాబీలకు అంట్లు కడుతూ ఎండాకాలాలు వెళ్ళదీసింది. ఒకనాడు వేడికి కళ్ళు తిరిగి సంపెంగ మొక్కల మధ్య కూలబడి, తెప్పరిల్లాక, "ఒక్క వేసవిలోనైనా మజ్జాన్నం పూట చెమట పట్టకుండా పడుకోవాలనుందండీ" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన మరిచిపోలేదు.

కరెంటు ఆఫీసులో డివిజనల్ ఇంజినీరు, అంటే డీఈ, సత్యజ్ఞానేశ్వర ప్రసాదు గారు దరఖాస్తును ఎంతో ఆదరంగా చదివారు. మనిషి మర్యాదస్తుడు. లంచం ఊసెత్తడు, విసుక్కోడు, ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు. ఆయనకున్న బలహీనతల్లా ఒకటే, పైనుంచి ఏ సర్క్యులరు వచ్చినా దాన్ని నమ్ముతాడు.

"చాలా సంతోషం భీమశంకరం గారూ. సదరు ఏసీ ప్రస్తుతం వాడుకలో ఉన్నదా?"

"లేదండి. తమరు సరిపడా కరెంటు లోడు ఇస్తే వాడుకుంటామండి."

డీఈ గారు జాలిగా చూశారు. "అక్కడే వచ్చింది చిక్కు. అవసరం లేకపోయినా జనం ఎక్కువ లోడు రాయించుకుంటున్నారని పైవారు గమనించారు. అందుమూలంగా వాస్తవ వినియోగ నిర్ధారణ విధానం అమల్లోకి వచ్చింది. వాడుకలో ఉన్నట్టుగా శాఖ కళ్ళారా చూసిన లోడును మాత్రమే శాఖ మంజూరు చేస్తుంది."

"లోడు ఇస్తేనే కదండీ ఏసీ నడిచేది?"

"నడిస్తేనే కదండీ లోడు ఇచ్చేది."

"మరి ఎలాగండి బాబూ?"

"దరఖాస్తుదారు స్వయం సమర్థ ఏర్పాట్లు చేసుకోవచ్చునని సర్క్యులరులోనే ఉంది. అంటే జనరేటరు. దాని మీద నడిపి చూపించండి. మా బృందం వచ్చి చూసి నిర్ధారిస్తుంది."

భీమశంకరం గారి మొహం వికసించింది. "అంతేనా అండీ! అయితే పెద్దది ఒకటి తెచ్చి ఇంటెనకాల సిమెంటు దిమ్మ కట్టి బిగించేస్తానండి."

డీఈ గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "బిగించకండి! నేలకు బిగించిన జనరేటరు విద్యుదుత్పత్తి కేంద్రం కిందికి వస్తుంది. దానికి అగ్నిమాపకం వారు, పర్యావరణం వారు, పంచాయతీ వారు అందరూ ఔనంటే గానీ కుదరదు. అదే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పట్టుకుపోయే జనరేటరు అనుకోండి, అది సామాను. సామానుకు అనుమతి అక్కర్లేదు."

భీమశంకరం గారు సామాను వెతుక్కుంటూ బాబ్జీ దగ్గరికి వెళ్ళారు. పెళ్ళి ఊరేగింపులకు దీపాలు, జాతరలకు మైకులు అద్దెకిచ్చే బాబ్జీకి ఆయన వరసకు బాబాయి. అతను తన చిన్న జనరేటరును ఆటో వెనక వేసుకొచ్చి వాకిట్లో దింపాడు. డీఈ గారు ఇద్దరు ఉద్యోగులతో నిర్ధారణ బృందంగా ఏర్పడి, హాల్లో సోఫాల మీద కూర్చున్నారు. బాబ్జీ తాడు లాగాడు. జనరేటరు గుక్కపట్టి అందుకుంది. లోపల భీమశంకరం గారు మీట నొక్కారు. డాబా మీద పెట్టె ఒక్కసారి గురక పెట్టింది, వాకిట్లో జనరేటరు నల్లటి పొగ వదిలి చతికిలబడింది.

"బాబాయ్, ఇది పెళ్ళికొడుకు మొహం మీద వెలుగు పడ్డానికి తిప్పే బండండి," అన్నాడు బాబ్జీ చెమట తుడుచుకుంటూ. "దీని నెత్తి మీద ఏనుగుని ఎక్కిస్తే ఏం చేస్తదండి?"

బృందం తన నివేదికలో 'ఏసీ ప్రారంభమగుటకు సుముఖత చూపినది' అని రాసుకుని వెళ్ళింది.

మర్నాడు బాబ్జీ సినిమావాళ్ళ షూటింగులకు తిప్పే పెద్ద జనరేటరును ట్రాక్టరుకు తగిలించి తీసుకొచ్చాడు. గేటు చాలక ప్రహరీ గోడ కొంత కొట్టాల్సి వచ్చింది. ఈసారి మీట నొక్కగానే పెట్టె గురక పెట్టి, ఊగి, నిలదొక్కుకుంది. సీలింగు చిల్లుల్లోంచి చల్లగాలి దిగింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వెంకటరత్నం పైకి చూసి, మెడ మీది కొంగు తీసి, కళ్ళు మూసుకుంది. భీమశంకరం గారికి పెళ్ళిపీటల మీద కూడా అంత ఆనందం కలగలేదు.

డీఈ గారు మాత్రం బయట జనరేటరు ముందు నిలబడి ఉన్నారు. ఆయన ఆజ్ఞ మీద ఇద్దరు ఉద్యోగులు దాన్ని చెరోవైపు పట్టుకుని ఎత్తడానికి ప్రయత్నించారు. అది కదల్లేదు, వాళ్ళ నడుములు కదిలాయి.

"పట్టుకుపోలేనిది పట్టుకుపోయేది ఎలా అవుతుంది?" అన్నారు డీఈ గారు బాధగా.

"చక్రాలున్నాయి కదండీ," అన్నాడు బాబ్జీ.

"చక్రాలుండటం వేరు నాయనా, కదలటం వేరు. ఆగి ఉన్న చక్రానికీ సిమెంటు దిమ్మకీ చట్టం దృష్టిలో తేడా లేదు. ఇది ఇలా ఒకచోట నిలబడి కరెంటు తయారు చేస్తున్నంతసేపూ భీమశంకరం గారు అనుమతి లేని ఉత్పత్తి కేంద్రం నడుపుతున్నట్టే."

"అయితే ఏం చెయ్యమంటారండి?" అన్నారు భీమశంకరం గారు.

డీఈ గారు జేబులోంచి సర్క్యులరు తీసి మళ్ళీ చదివారు. పాపం, ఆయనకు మంజూరు చెయ్యాలనే ఉంది. "కదులుతూ ఉండాలి," అన్నారు చివరికి.

అలా మొదలైంది. ట్రాక్టరు ముందు, జనరేటరు వెనక, దాని వెనక కేబులు చుట్ట భుజాన వేసుకున్న బాబ్జీ. ముగ్గురూ కలిసి భీమశంకరం గారి ఇంటి చుట్టూ తిరగసాగారు. గులాబీ మడులు ఒకవైపు, కాశీరత్నం పందిరి ఇంకోవైపు చక్రాల కింద నలిగిపోయాయి. కొంతసేపటికి కేబులు ఇంటికి మొలతాడులా చుట్టుకుని బిగుసుకుంది. అప్పుడు ట్రాక్టరును వెనక్కి తిప్పి అపసవ్యంగా తిప్పారు. ఎదురింటి మాణిక్యాంబ గారు మొదట ఏదో దేవుడి ఊరేగింపనుకుని పళ్ళెంలో కొబ్బరికాయా హారతి కర్పూరమూ పట్టుకుని వచ్చారు. సంగతి తెలిశాక కూడా తెచ్చిన కాయను వెనక్కి తీసుకెళ్ళడం బాగుండదని జనరేటరు ముందే కొట్టి వెళ్ళారు.

లోపల రెండో ఘట్టం నడుస్తోంది. ఏసీ నడిస్తే సరిపోదట. అది వినియోగమైనట్టు తేలాలట. గాలి ఊరికే వీచి పోతే అది వృథా. మనిషికి సుఖం కలిగితేనే వినియోగం.

"అమ్మా, ఇప్పుడు తమకు సుఖంగా ఉన్నదా?" అని డీఈ గారు వెంకటరత్నాన్ని అడిగారు.

"చల్లగా ఉందండి. కానీ ఆ ట్రాక్టరు మోత..."

"కానీ అనేదాన్ని నమోదు చేసే వీలు లేదమ్మా. సుఖంగా ఉన్నదా, లేదా?"

"ఉందండి."

"ఒక మధ్యాహ్నంతో తేల్చే విషయం కాదు. సుఖం నిలకడగా ఉందో లేదో చూడాలి. రేపు మళ్ళీ వస్తాం." ఆయన లేవబోయి, లేవలేక, సోఫాలో ఇంకాస్త వెనక్కి వాలారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

మర్నాడు బృందం కాస్త ముందుగానే వచ్చింది. ఆ మర్నాడు భోజనం క్యారేజీలతో వచ్చింది. నిజానికి కోటిపాలెంలో మధ్యాహ్నం పూట కరెంటు తీసేస్తున్నారు, తీసేది ఈ ఆఫీసువాళ్ళే కాబట్టి ముందుగా తీసేది తమ ఆఫీసుకే. ఆదర్శంగా ఉండాలని డీఈ గారు పెట్టిన పద్ధతి అది. అందువల్ల అక్కడ మిగిలిన సిబ్బంది ఒకరొకరుగా నిర్ధారణలో సహకరించడానికి భీమశంకరం గారి ఇంటికి చేరసాగారు. ముందు లెక్కల విభాగం వచ్చింది. సుఖాన్ని సరిచూడటానికి బిల్లుల విభాగం వచ్చింది. బిల్లులవాళ్ళను వెతుక్కుంటూ బిల్లు కట్టేవాళ్ళు వచ్చి వసారాలో వరసగా నిలబడ్డారు. టైపు చేసే ఆమె దుప్పటి తెచ్చుకుంది.

వెంకటరత్నం పడగ్గదిలో నడుం వాల్చడానికి వెళితే మంచం మీద పాత మీటర్లు ఆరబోసి ఉన్నాయి. పక్కన ఇద్దరు లైన్‌మెన్లు నిద్రపోతున్నారు. వంటింట్లో మిక్సీ వేయబోతే డీఈ గారే స్వయంగా వచ్చి, జనరేటరు బలమంతా ఏసీకే కావాలి గనక పచ్చడి రోట్లో రుబ్బుకోవలసిందిగా సవినయంగా మనవి చేశారు. ఫ్రిజ్జు అప్పటికే ఆపేశారు. పాలు విరిగాయి.

ఒకరోజు భీమశంకరం గారు నర్సరీ నుంచి వచ్చేసరికి వాకిట్లో కొత్త బోర్డు కనిపించింది. 'విద్యుత్ శాఖ, డివిజనల్ కార్యాలయం, కోటిపాలెం. అనుమతి లేనిదే లోనికి రారాదు.'

ఆయన చెప్పులు విప్పి, అనుమతి కోసం వసారాలో నిలబడ్డారు.

లోపలికి పిలిచాక డీఈ గారు కుర్చీ చూపించారు. అది భీమశంకరం గారి కుర్చీయే. "ఒక చిన్న అభ్యంతరం వచ్చిందండి మీ దరఖాస్తు మీద. మీరు గృహావసరానికి అడిగారు. కానీ ఇక్కడ చూస్తే, ఇది గృహం కాదు, కార్యాలయం. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు అవుతోంది."

"కార్యాలయం పెట్టింది మీరే కదండీ!"

"ఎవరు పెట్టారన్నది కాదు ప్రశ్న. ఏముందన్నది ప్రశ్న. ఇంకోటి. మీ జనరేటరుతో ఏసీ ఇంత చక్కగా నడుస్తున్నప్పుడు శాఖ కరెంటు మీకెందుకన్నది కూడా పరిశీలించాలి."

భీమశంకరం గారికి కోపం రాలేదు, ఎందుకంటే ఎదుటివాడు అంత మర్యాదగా మాట్లాడుతున్నాడు. లేచి, వసారాలోని వరసను తప్పించుకుని, నర్సరీలోకి నడిచారు.

అక్కడ ప్లాస్టిక్ పట్టా కింద వెంకటరత్నం ఎప్పటిలాగే అంట్లు కడుతోంది. జాకెట్టు తడిసి వీపుకు అంటుకుపోయింది. ఆయన ఒక తిరగేసిన కుండీ మీద కూలబడ్డారు.

"నీకోసం కట్టించానే రత్నం ఇల్లు," అన్నారు. "ఉన్న సుఖం కూడా పోగొట్టాను. రేపు ఆ గొట్టాలన్నీ పీకించేస్తాను."

వెంకటరత్నం చేతిలోని కొమ్మకు దారం చుట్టడం పూర్తి చేసి, ముడి వేసి, మిగతాది పళ్ళతో తెంపింది.

"ఎందుకండీ పీకడం? ఆ జనరేటరు పట్టుకుపోయేదే కదా?"

"అవును. కదులుతోంది గనక అలాగని ఆళ్ళే రాసుకున్నారు."

"మరయితే పట్టుకుపొమ్మనండి."

ఆయన తలెత్తి చూశారు. ఆమె మొహంలో నవ్వు లేదు. చాలా ఏళ్ళుగా ఆమెను ఎరిగినవాడు కాబట్టి, నవ్వును ఎక్కడ దాచిందో మాత్రం తెలిసింది.

బాబ్జీకి చెబితే ఎగిరి గంతేశాడు. తిరిగి తిరిగి అతనికి నిలబడితే కూడా ఇల్లే తిరుగుతున్నట్టు ఉంటోంది. పైగా పొరుగూళ్ళో జాతర, దీపాల బేరం ఒకటి చేతికొచ్చింది. మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళ, ట్రాక్టరు ఇంటి మూల దగ్గర మలుపు తిరగాల్సింది పోయి, కొట్టేసిన ప్రహరీ సందులోంచి తిన్నగా రోడ్డెక్కింది. బాబ్జీ కేబులు ఊడబీకి, భుజాన వేసుకుని, జనరేటరు మీద కూర్చుని భీమశంకరం గారికి చెయ్యూపాడు.

ఇంట్లో గాలి ఆగింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత టైపు చేసే ఆమె దుప్పటి తీసింది. లెక్కల విభాగం చొక్కా గుండీలు విప్పుకుంది. కిటికీలు తెరుద్దామని వెళ్ళినవాళ్ళకు అవి తెరుచుకునే కిటికీలు కావని అప్పుడు తెలిసింది. ఇంకాసేపటికి కార్యాలయం మొత్తం, నీళ్ళలో ముంచి తీసినట్టుగా, వసారాలోకి వచ్చి పడింది.

"భీమశంకరం గారూ! ఎవరి ఆదేశం మీద జనరేటరును కదిలించారు?" అన్నారు డీఈ గారు. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీంచి జారిపోతున్నాయి.

"మీ ఆదేశం మీదేనండి. కదలాలన్నారు, కదిలిందండి."

"చుట్టూ కదలాలి!"

"చుట్టూనేనండి. జాతర చూసుకుని ఊరంతా ఒక చుట్టు చుట్టి వస్తుందండి."

డీఈ గారు నిబంధనల్లో దీనికి అభ్యంతరం వెతికారు, దొరకలేదు. ఈలోగా బిల్లుల విభాగంలో ఒకాయనకు కళ్ళు తిరిగాయి. వెంకటరత్నం ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టి, మొహాన నీళ్ళు చల్లి, మజ్జిగ తాగించింది. "ఎండలో పన్జేసేవోళ్ళకి మామూలేనండి ఇది, కంగారు పడకండి," అని ఓదార్చింది. డీఈ గారు ఆమెవంక ఒకసారి చూసి, ఎందుకో చప్పున కళ్ళు దించుకున్నారు. ఆ తర్వాత ఆయన ఆజ్ఞలు చాలా త్వరత్వరగా వెలువడ్డాయి.

సాయంత్రానికల్లా వీధిలో స్తంభాలు లేచాయి. కొత్త ట్రాన్స్‌ఫార్మరు పువ్వులదండతో సహా వచ్చి కూర్చుంది. చూస్తుండగా భీమశంకరం గారి ఇంటికి, ఆయన అడిగినదానికంటే ఎక్కువ కరెంటు, మధ్యాహ్నం కోత కూడా లేకుండా, వచ్చేసింది.

"మరి నిర్ధారణ అండీ?" అన్నారు భీమశంకరం గారు నమ్మలేక.

"అది దరఖాస్తుదారులకండి. ఇది శాఖ కార్యాలయం. శాఖ తనకు తాను దరఖాస్తు పెట్టుకోదు."

ఏసీ ఇప్పుడు మోత లేకుండా, పొగ లేకుండా, ట్రాక్టరు లేకుండా నడుస్తోంది. చిక్కల్లా ఏమిటంటే, ఇంకా హాయిగా ఉండేసరికి కార్యాలయం ఇంకా గట్టిగా కూర్చుంది. గోడకు మేకులు కొట్టి క్యాలెండర్లు తగిలించుకున్నారు. పూజగది స్టోర్ రూమైంది.

వెంకటరత్నం రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోనాడు గేటు దగ్గర నిలబడి ఎదురింటి మాణిక్యాంబ గారిని పలకరించింది.

"ఏమండీ అక్కయ్యగారూ, మీ పిండిమరకి పెద్ద మోటారు కరెంటు కావాలని ఎప్పుడో దరఖాస్తు పెట్టారు కదా, వచ్చిందా?"

"ఎక్కడొచ్చిందమ్మా! మర ముందు ఆడించి చూపించాలట. కరెంటు లేకుండా ఎలా ఆడిస్తాం, మా ఆయన్ని తిప్పమనాలా?"

"అయితే మా ఆఫీసుని పట్టుకుపోండి."

మాణిక్యాంబ గారికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ మధ్యాహ్నమే ఆవిడ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణెతో, పూతరేకుల పళ్ళెంతో వచ్చి డీఈ గారిని తమ ఇంటికి ఆహ్వానించారు. తమ హాలు దీనికి రెట్టింపు ఉంటుందనీ, పనసపొట్టు కూర వండిస్తున్నామనీ, వెనక కొబ్బరిచెట్ల నీడ ఉందనీ చెప్పారు. పూతరేకు నోట్లో కరుగుతుండగా డీఈ గారికి, శాఖ ఒకచోట పాతుకుపోవడం మంచిది కాదనీ, పాలన ప్రజల గుమ్మాల ముందుకు వెళ్ళాలనీ తోచింది.

కదిలేముందు ఆయన ఒక విషయంలో మథనపడ్డారు. కార్యాలయం వెళ్ళిపోతే కార్యాలయానికిచ్చిన లోడును తీసెయ్యాలి కదా?

"తియ్యండి బాబూ," అన్నారు భీమశంకరం గారు వినయంగా. "కానీ అది వాడుకలో ఉందండి. ఇన్నాళ్ళూ మీరే కూర్చుని కళ్ళారా చూశారు. సుఖం కూడా నిలకడగానే ఉందండి."

డీఈ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అవును! నిర్ధారణ పూర్తయింది! ఈ సర్క్యులరు వచ్చాక మొదటిసారి పూర్తయింది!" అని భీమశంకరం గారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. మంజూరు ఉత్తర్వు మీద అక్కడికక్కడే సంతకం చేసి, ఆయనతో ఫొటో కూడా తీయించుకున్నారు. మనిషి ఎంత మంచివాడో భీమశంకరం గారికి ఆ క్షణాన మళ్ళీ అనిపించింది. దానితో కొంచెం భయం కూడా వేసింది.

జాతర నుంచి తిరిగొచ్చిన బాబ్జీ, ఈసారి ట్రాక్టరుకు ఖాళీ తొట్టి తగిలించాడు. బల్లలు, బీరువాలు, క్యాలెండర్లు, మీటర్లు దానిలోకి ఎక్కాయి. అన్నింటికంటే పైన, తన కుర్చీలో, ఫైలు ఒళ్ళో పెట్టుకుని డీఈ గారు కూర్చున్నారు. బోర్డును టైపు చేసే ఆమె పట్టుకుంది. దాటాల్సింది ఒక్క వీధే అయినా, వీధిలో ప్రతి గేటు ముందూ ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఒకాయన ఐస్ ఫ్యాక్టరీ దరఖాస్తుతో, మామిడిపళ్ళ బుట్టతో నిలబడితే, పక్కనే బోరు మోటారు కోసం తిరుగుతున్న రైతు కుటుంబం కొత్త బట్టల్లో కాచుకుని ఉంది. అందరూ తమ ఇంటికి ఎప్పుడంటూ అడుగుతున్నారు. డీఈ గారు అందరికీ నమస్కరిస్తూ, వంతుల వారీగా పరిశీలిస్తామని హామీ ఇస్తూ సాగిపోయారు.

భీమశంకరం గారు ఇంట్లోకి వచ్చారు. పడగ్గది తలుపు ఓరగా తీసి చూశారు. మీటర్లు లేని మంచం మీద వెంకటరత్నం దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్రపోతోంది. నుదురు పొడిగా ఉంది. సన్నగా గురక కూడా పెడుతోంది. ఆయన నిలబడి ఆ గురక కాసేపు విన్నారు.

వాకిట్లో ఎవరో గేటు గడియ చప్పుడు చేశారు. ఆయన పరుగున వెళ్ళారు. పక్కవీధి నుంచి వచ్చిన మనిషి, చంకలో దరఖాస్తు, చేతిలో అరటిగెల.

"కరెంటాఫీసు మీ ఇంట్లోనేనాండీ?"

భీమశంకరం గారు నోటి మీద వేలుంచుకుని, రెండో చేత్తో ఎదురిల్లు చూపించారు.

"అయ్యో, మీ వంతు అయిపోయిందాండీ?" అన్నాడతను జాలిగా, గొంతు తగ్గించి.

"మాకు నయమైపోయిందండి," అని గుసగుసగా చెప్పి, ఆయన తలుపు మెల్లగా వేసుకున్నారు.